బడిలో బాధపడు బిడ్డ
(శరన్నవరాత్రములలో మూలానక్షత్రము నాటి ప్రసంగ పాఠము)



ఈ దినము మూలానక్షత్రము. అమ్మవారు సరస్వతీ అలంకారములో దర్శనమిచ్చుచున్నది. తెల్లవారుజాము నుండి మండపము నిండ పలకలు, బలపములు, పసుపు పూసిన పుస్తకములే. మూడేండ్ల పిల్లలు బియ్యములో ఓంకారము దిద్దుచుండగా తల్లులు మురిసిపోవుచున్నారు. తండ్రులు సెల్‌ఫోనులతో ఫోటోలు తీయుచున్నారు. చూడముచ్చటగా ఉన్నది. ఈ పిల్లలందరును ఏడాదికో రెండేండ్లకో బడికి పోవువారే. వీరి కొరకు మనము అమ్మవారిని ఏమి కోరుచున్నాము? చదువు రావలెనని, జ్ఞాపకశక్తి కలుగవలెనని, మంచి మార్కులు రావలెనని. "బడిలో నా బిడ్డను ఎవరూ ఏడిపించకుండ చూడు తల్లీ" అని కోరిన తల్లిని మేము ఒక్కరినే చూచినాము. ఆమెను గురించి, ఆమె కుమారుని గురించి, ఆ విషయములో మేము చేసిన పొరపాటును గురించి ఈ పూట చెప్పదలచినాము. వారి అనుమతితోనే చెప్పుచున్నాము. ఊరు, పేరు చెప్పము.

ఆ బాలుడు అప్పుడు ఆరవ తరగతి. ఒక మంగళవారము సాయంకాలము తల్లి వానిని వెంటబెట్టుకొని వచ్చినది. "గురువుగారూ, వీడు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటాడు. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నారు. ఏదైనా గాలి సోకిందేమో, రక్ష కట్టండి" అన్నది. ఆదివారము నొప్పి లేదని ఆమె నోటనే వచ్చినది. ఆ ఒక్క మాట చాలును. కాని మా చెవికి అది ఎక్కలేదు. ఆంజనేయస్వామి సన్నిధిలో దారము మంత్రించి ముంజేతికి కట్టినాము. ప్రహ్లాదుని కథ నాలుగు మాటలలో చెప్పి, "ధైర్యంగా ఉండు నాయనా, దేవుడు నీ వెంట ఉన్నాడు" అని తల మీద చేయి వేసినాము. అంతయు కలిసి అయిదు నిమిషములు. తృప్తిగా ఇంటికి పోయి భోజనము చేసినాము.

మూడవ శనివారము ఆ బాలుడు ఒక్కడే వచ్చినాడు. ఉత్త ముంజేయి చూపించి, "తాతగారూ, దారం తెగిపోయింది. దేవుడికి నా మీద కోపం వచ్చినట్టేనా?" అని అడిగినాడు. మేము నవ్వబోయి ఆగినాము, ఎందుకనగా వాని పెదవులు వణకుచున్నవి. ఎట్లు తెగినదని అడిగితే పలుకడు. కోనేటి మెట్ల మీద ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నాము. చాలసేపటికి చెప్పినాడు. మధ్యాహ్నము బడిలో కుళాయిల దగ్గర ముగ్గురు పిల్లలు వాని చేయి పట్టుకొని, పెన్సిలు చెక్కు బ్లేడుతో దారము కోసినారు. "నీ దేవుడు వచ్చి ఆపుతాడేమో చూద్దాం" అన్నారట.

ఆ బాలునికి కొంచెము నత్తి కలదు. "న" అక్షరముతో మొదలగు మాటల దగ్గర ఆగిపోవును. ఆ ఆగుటయే వానికి పేరైపోయినది. హాజరు పిలుచునప్పుడు వెనుక బెంచీ నుండి ఎవరో "న న న" అందురు, తరగతి అంతయు నవ్వును. నత్తి వచ్చు మాటలనే ఏరి వాని చేత పలికించి, ఆ పలుకుటను ఫోనులో పట్టి, పిల్లలు పెట్టుకొన్న వాట్సాప్ గుంపులో తిప్పినారు. పూర్వము బడిలో జరిగిన అవమానము బడి గంటతో ముగిసెడిది. ఇప్పుడు అది పిల్లవాని వెంట ఇంటికి వచ్చి, దిండు ప్రక్కన పడుకొనుచున్నది.

ఇంకొక సంగతి చెప్పినాడు. అది మమ్ము నేటికిని వదలలేదు. రెండు నెలలుగా ఆ పిల్లవాడు బడిలో నీళ్ళు త్రాగుట మానివేసినాడు. నీళ్ళు త్రాగినచో మరుగుదొడ్డికి పోవలసి వచ్చును, అక్కడ వాళ్ళుందురు. ఉదయము ఎనిమిది నుండి సాయంత్రము అయిదు వరకు, ఎండకాలములో, చుక్క నీరు లేదు. తల్లి పంపిన సీసాను దారిలో చెట్టు మొదట పోసి ఖాళీ సీసా ఇంటికి తెచ్చుచున్నాడు. మేము మంత్రము వేసి పారద్రోలదలచిన గాలి ఇది!

"మొన్న వచ్చినప్పుడు ఇదంతా నాతో ఎందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగితిమి.

"మీరు అడగలేదు కదా తాతగారూ. ధైర్యంగా ఉండమన్నారు. నేను ఉన్నాను" అన్నాడు.

అయ్యా, ముప్పది యేండ్లకు పైగా పురాణము చెప్పుచున్నాము. అంత సూటియైన విమర్శ మాకెవరును చేయలేదు.

ప్రహ్లాదుని కథను మేము ఎన్ని వందల పర్యాయములు చెప్పియుంటిమో లెక్కలేదు. ఆ రాత్రి దానిని మరల మనసులో చదువుకొన్నాము. ప్రహ్లాదుడు సహించినాడు, నిజమే. కాని భగవంతుడు "ఇంకను సహింపుము" అని కబురు పంపి ఊరకుండలేదు. స్తంభమును చీల్చుకొని వచ్చినాడు. పిల్లవానికి ప్రహ్లాదుని సహనమును బోధించి, బయటికి రావలసిన పెద్దలము మనము స్తంభములోనే ఉండిపోయినచో ఆ బోధకు అర్థమేమి? సహనము గొప్ప గుణమే. దానిని తనకు తాను వరించినవానికి అది గుణము. పదకొండేండ్ల బిడ్డ మీద మనము రుద్దినచో అది మన సోమరితనము.

ఆ సాయంత్రమే వానిని వెంటబెట్టుకొని వారి ఇంటికి పోయినాము. తల్లి విని కొంగు నోట క్రుక్కుకొన్నది. తండ్రి కంపెనీ నుండి అప్పుడే వచ్చినాడు. విన్నంతనే లేచి, "బడి గేటు దగ్గరే వాళ్ళ సంగతి తేలుస్తా. నా కొడుకునే అంత మాటంటారా? నలుగురిలో నా పరువేం కావాలి?" అన్నాడు. బిడ్డ గోడకు అంటుకొని నిలబడి తండ్రిని చూచుచున్నాడు. వాని ముఖములో ఉపశమనము లేదు, ఇంకొక భయము చేరినది. అప్పుడు మాకు ద్రోణుడు జ్ఞాపకము వచ్చినాడు.

ద్రోణాచార్యుల వృత్తాంతము మీకు తెలిసినదే. ఆదిపర్వములో ఆయనయే భీష్మునికి తన కథ చెప్పుకొనును. కడు పేద. ఇంట పాడి లేదు. ధనవంతుల పిల్లలు పాలు త్రాగుచుండగా చూచి అశ్వత్థామ పాలు కావలెనని ఏడ్చినాడు. తోటి పిల్లలు పిండి నీళ్ళలో కలిపి ఇచ్చి, పాలు అని చెప్పినారు. పసివాడు నమ్మి త్రాగి, "పాలు త్రాగితిని, పాలు త్రాగితిని" అని గంతులు వేసినాడు. చుట్టు చేరినవారు నవ్వినారు. ఆ నవ్వు ద్రోణుని చెవిన పడినది. పేద ద్రోణుని కొడుకును చూడుడని నలుగురు అనుకొనుటయు పడినది.

ఇక్కడ కొంచెము ఆగుదము. నవ్విన పిల్లల గురించి కాదు, తండ్రి తరువాత ఏమి చేసినాడో చూతము. గురుకులములో తనతో చదివిన ద్రుపదుడు రాజైనాడని, ఆనాడు రాజ్యములో భాగమిత్తునన్నాడని తలచుకొని అతని దగ్గరకు పోయినాడు. సమానులకే గాని స్నేహమెక్కడిదని ద్రుపదుడు పరిహసించినాడు. ఆ అవమానమును మోసికొని ద్రోణుడు హస్తినకు వచ్చినాడు. రాజకుమారులకు విద్య నేర్పినాడు. గురుదక్షిణగా ద్రుపదుని కట్టి తెప్పించుకొని సగము రాజ్యము తీసుకొన్నాడు. ద్రుపదుడు ద్రోణుని చంపగల కుమారుని కొరకు యజ్ఞము చేసి ధృష్టద్యుమ్నుని పొందినాడు. కురుక్షేత్రములో ఆ ధృష్టద్యుమ్నుడు ద్రోణుని తల నరికినాడు. యుద్ధము ముగిసిన రాత్రి అశ్వత్థామ శిబిరములో చొచ్చి ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కుమారులైదుగురిని నిద్రలో చంపినాడు. పిండినీళ్ళు త్రాగి గంతులు వేసిన పిల్లవాడు వీడే.

భారతయుద్ధమునకు పిండినీళ్ళే కారణమని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పినచో పండితులు మమ్ము విడువరు. మేమనునది ఇంతే: పరువు పోయినదని తండ్రి బాధపడినాడు, దారిద్ర్యము తీరు ఉపాయము వెదకినాడు, పగ తీర్చుకొన్నాడు. ఆ బాలుని ఒడిలోకి తీసుకొని, "నిన్ను మోసగించినారు నాయనా, తప్పు నీది కాదు" అన్నవారు ఆ కథలో కనిపించరు. అశ్వత్థామ త్రాగినది పాలు కావని తరువాత తెలియకపోవునా? తెలిసిన నాడు వాని మనసు ఏమైనది? దానిని అడిగినవారు లేరు. నేడు బడి గేటు దగ్గర కాలరు పట్టుకొను తండ్రులను మేము తప్పు పట్టము, ఆ వేడి ప్రేమలో నుండి వచ్చినదే. కాని బిడ్డకు తగిలిన దెబ్బ ఎప్పుడు మన పరువుకు తగిలిన దెబ్బగా మారినదో అప్పుడు బిడ్డ రెండవసారి ఒంటరివాడగును. మరునాడు బడిలో "నాన్నను తెచ్చుకొన్నాడురా" అను ఇంకొక ఎగతాళి వానికి చేరును. ఆ మాట ఆ బాలుడే తరువాత మాతో అన్నాడు, అందుకే ఇన్నాళ్ళు చెప్పలేదట.

అరణ్యపర్వములో ఇంకొక తల్లి కలదు. ధర్మరాజు తీర్థయాత్రలో శ్వేతకేతుని ఆశ్రమమునకు చేరినప్పుడు రోమశమహర్షి ఆ కథ చెప్పును. కహోడుడు ఉద్దాలకుని శిష్యుడు, ఆయన కుమార్తె సుజాతకు భర్త. గర్భములోని శిశువు తన అధ్యయనమును తప్పుపట్టినాడని కోపించి, ఎనిమిది వంకరలతో పుట్టుమని శపించినాడు. ఆ బిడ్డ పుట్టకమునుపే ధనము కొరకు జనకుని సభకు పోయి, వంది అను పండితుని చేతిలో ఓడి నీట ముంచబడినాడు. ఈ సంగతి బిడ్డకు తెలియనీయకుమని ఉద్దాలకుడు కుమార్తెతో చెప్పినాడు. అష్టావక్రుడు తాతనే తండ్రి అనుకొని, మేనమామయైన శ్వేతకేతుని అన్న అనుకొని పెరిగినాడు. ఇద్దరిదీ ఒకే యీడు.

పన్నెండేండ్ల వయసులో ఒకనాడు అష్టావక్రుడు ఉద్దాలకుని ఒడిలో కూర్చుండియుండగా శ్వేతకేతువు వచ్చి చేయి పట్టి లాగివేసినాడు. వాడు ఏడ్చుచున్నను వదలక, "ఇది నీ తండ్రి ఒడి కాదు" అన్నాడు. ఎంత చిన్న మాట! పిల్లలకు ఏ మాట ఎక్కడ తగులునో పిల్లలకే బాగుగా తెలియును. అష్టావక్రుడు ఇంటికి పోయి తల్లిని అడిగినాడు: నా తండ్రి ఎక్కడ?

సుజాత కలతపడినది. కాని "వాడన్నదానికి నీకెందుకు, పోయి చదువుకో" అని త్రోసిపుచ్చలేదు. తమ్ముని మీదికి జుట్టుపట్టుకొని జగడమునకు పోలేదు. దాచవలసినదని పెద్దలు చెప్పిన దానిని కూడ దాచక ఉన్నదంతయు బిడ్డకు చెప్పినది. ఆ రాత్రియే అష్టావక్రుడు శ్వేతకేతుని దగ్గరకు పోయి, జనకుని యజ్ఞమునకు పోదము రమ్మన్నాడు. ఇద్దరును కలిసి పోయినారు. ఒడిలో నుండి లాగినవాడే దారిలో తోడైనాడు. ద్వారము దగ్గర పిల్లలకు ప్రవేశము లేదన్నారు, అష్టావక్రుడు అచ్చటనే వాదించి లోపలికి పోయి వందిని ఓడించి తండ్రిని తిరిగి తెచ్చుకొన్నాడు. తండ్రి ఆజ్ఞతో సమంగానదిలో స్నానము చేయగా అవయవములు సరియైనవని కథ. అందరు ఆ నదీస్నానమును చెప్పుదురు. మాకు మాత్రము సుజాత తన భయమును ప్రక్కకు పెట్టి బిడ్డ ప్రశ్నకు జవాబు చెప్పిన ఆ ఘడియయే ఆ కథలో పెద్దదిగా తోచుచున్నది.

ఈ రెండు కథలును ఆ రాత్రి ఆ ఇంట చెప్పినాము. తండ్రి చాలసేపు మాట్లాడలేదు. తరువాత క్రింద చాప మీద కూర్చుండి కొడుకును అడిగినాడు, "మేమేం చేస్తే నీకు బాగుంటుందిరా?" అని. బాలుడు చెప్పుటకు చాల సమయము పట్టినది. తండ్రి మధ్యలో మాట అందీయలేదు. నత్తి ఉన్నవారికి మనము చేయగల మేలు అదియే, తొందరపెట్టక వినుట. "నన్ను వేరే బెంచీకి మార్చమనండి. ఆ వీడియో తీసేయించండి. వాళ్ళను కొట్టొద్దు. నన్ను బడి మాన్పించొద్దు" అన్నాడు. నాలుగు మాటలు. పెద్దలము నలుగురము కూర్చుండి ఆలోచించినను అంత తూకముగా చెప్పియుండము.

సోమవారము బడికి పోయినారు. మేమును వెంట పోయినాము. ప్రధానోపాధ్యాయుల వారు మంచినీళ్ళు ఇప్పించి, "పిల్లలన్నాక ఇవన్నీ మామూలే. రేపు లోకంలో బతకాలి కదా, గట్టిపడతాడు" అన్నారు. ఈ మాట మీరందరును విన్నదే, బహుశా అన్నదే. లోకములో బ్రతుకుటకు నీళ్ళు మానుకొనుట నేర్పవలెనా? తల్లి అప్పుడు వాదించలేదు. ముందుగనే ఒక నోటుపుస్తకములో తేదీలు, చోటు, ఏమి జరిగినదో వరుసగా వ్రాసి ఉంచినది. ఉత్తరము వ్రాతపూర్వకముగా ఇచ్చి, నకలు మీద అందినట్లు సంతకము తీసుకొన్నది. ఆ సంతకము పెట్టునప్పుడు ఆయన స్వరము మారినది. కాగితమునకు ఉన్న విలువ కన్నీటికి లేకపోవుట విచారకరమే గాని, ఉన్నమాట అది.

ఇక్కడ మీకొక ధర్మసందేహము రావచ్చును. ప్రమాణకోటిలో దుర్యోధనుడు భీమునికి విషాన్నము పెట్టి, తీగలతో కట్టి గంగలో త్రోసిన కథలో, కుంతి విదురుని పిలిచి మొరపెట్టుకొనగా, ఈ మాట పైకి అనవద్దు, అన్నచో ఆ దుష్టుడు మరింత కీడు తలపెట్టును, మిగిలినవారిని కాపాడుకొనుము అని విదురుడే చెప్పినాడు గదా, మనమును గుట్టుగా ఉండుటయే మంచిది గదా అని. మన తల్లిదండ్రులు చేయుచున్నది అదియే. ఫీజు కట్టి ఉన్నాము, ఫిర్యాదు చేసినచో మావాని మీద కక్ష కట్టుదురేమో అని భయము. కాని కుంతి ఎవరికి చెప్పుకొనవలెను? సింహాసనము మీద ఉన్నవాడు దుర్యోధనుని తండ్రి. కన్నులు లేకపోవుట ఆయన దోషము కాదు, కొడుకు విషయములో చూడనొల్లకపోవుట దోషము. విదురుని మాట ఆ రాజ్యమునకు తగినది.

మనకు ఆ గతి లేదు. విద్యాహక్కు చట్టము 2009లో వచ్చినది, దాని 17వ సెక్షను బడిలో బిడ్డను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. ఇది ముఖ్యముగా ఉపాధ్యాయులకు వర్తించును. ర్యాంకు తగ్గిన పిల్లవానిని తరగతి ముందర నిలబెట్టి మాటలనుటయు వేధింపే, పిల్లలు దానిని చూచియే నేర్చుకొందురు. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లో చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టములో ఒక మాట ఉన్నది. ఫిర్యాదు అందిన తరువాత విద్యాసంస్థ అధిపతి చర్య తీసుకొనక ఊరకున్నచో, ఆ నేరమునకు ఆయన ప్రోత్సాహమిచ్చినట్లే భావింపబడును. ధృతరాష్ట్రునికి ఇట్టి చట్టము లేకపోయెను! సి.బి.ఎస్.ఇ. బోర్డు 2015లో తన బడులకు ఈ వేధింపులను అరికట్టుటకు సంఘములు ఏర్పరచుమని మార్గదర్శకములు పంపినది. కులము పేరెత్తి బిడ్డను కించపరచుట ఎంతమాత్రము ఆట కాదు, దానికి 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము కలదు. ఎవరును విననప్పుడు 1098 నంబరు ఉన్నది, రుసుము లేదు, బిడ్డ తానే ఫోను చేయవచ్చును. ఆ నంబరును ఈ మండపము గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయింపుమని ట్రస్టువారిని కోరినాము. అయినను ఒక మాట. పదేండ్ల పిల్లల తగవును మొదటిరోజే పోలీసు మెట్లు ఎక్కించుట మాకు నచ్చదు. ఏడిపించువాడును బిడ్డయే. ముందు తరగతి ఉపాధ్యాయుని దగ్గరకు, తరువాత ప్రధానోపాధ్యాయుని దగ్గరకు, అప్పటికిని కదలనిచో పైకి.

ఆ బడిలో కదిలినది తరగతి ఉపాధ్యాయురాలు. బెంచీ మార్చినది. వీడియో పిల్లలందరి ఫోనులలో తీసివేయించినది. ఒక నెలరోజులు ఆమె తన మధ్యాహ్నపు క్యారేజీని స్టాఫుగదిలో గాక కుళాయిల ప్రక్కన అరుగు మీద కూర్చుండి తిన్నది. ఉపన్యాసము లేదు, దండన లేదు, అక్కడ కూర్చుండి అన్నము తిన్నది, అంతే. పిల్లవాడు రెండవ వారమునుండి నీళ్ళు త్రాగినాడు.

ఇక ఆ ముగ్గురు. వారిలో ఒకని తల్లి మన గుడికి వచ్చునదే. మేము మాట ఎత్తగనే, "మావాడు అలాంటివాడు కాదు గురువుగారూ" అన్నది. ఇది చెప్పుటకు మాకు కొంచెము సిగ్గుగా ఉన్నది. హరికథలలో, పురాణములలో మేము భీముని బాల్యమును చెప్పునప్పుడు జనము నవ్వు కొరకే చెప్పుదుము. కౌరవులు పండ్ల కొరకు చెట్టెక్కినచో భీముడు చెట్టును తన్ని ఊపును, పండ్లతోపాటు వారును రాలుదురు. పది మందిని ఒక్కసారిగా పట్టి నీట ముంచి, ప్రాణము పోవునంత వరకు ఉంచి వదలును. మీరు నవ్వుదురు, మేము ఇంకొంచెము పెంచుదుము. భీముని మనసులో ద్రోహము లేదని, అది పసితనమని వ్యాసులవారే చెప్పినారు. నిజమే. కాని నీటిలో ఉన్నవానికి, పట్టుకొన్నవాని మనసులో ద్రోహము లేదను సంగతి ఎట్లు తెలియును? దుర్యోధనుని విషము పాపము, దానిని ఎవరును సమర్థింపరు. అయినను పైన ఉండి పట్టుకొన్నవాడు మనవాడైనచో మనకు అది ఆటగా కనిపించును. మా నోటితో పెంచిన ఆ నవ్వులో మా వంతు ఉన్నది.

ఆ తల్లి వారము తరువాత కొడుకును తీసుకొని వచ్చినది. వాడు చెప్పిన మాట వినుడు: "మేం ఆడుకున్నాం అంతే. వాడూ నవ్వాడు కదా." అబద్ధము కాదు. ఆ బాలుడు నవ్విన మాట నిజము. ఏడ్చినచో ఇంకను ఏడిపింతురని నవ్వినాడు. పిండినీళ్ళు త్రాగి గంతులు వేసినాడు. ఈ సంగతి ఆ రెండవ పిల్లవానికి మేము చెప్పినప్పుడు వాడు మొదట నమ్మలేదు. "నిజంగానా? నీళ్ళు తాగేవాడు కాదా?" అని రెండుసార్లు అడిగినాడు. తరువాత వాని కన్నులు దించుకొన్నాడు. ఇద్దరు ప్రాణస్నేహితులైనారని చెప్పవలెనని మీకు కోరిక ఉండవచ్చును. కాలేదు. ఎదురుపడినప్పుడు తల ఊపుకొందురు. మూడవవాని తండ్రి మా ఫోనే ఎత్తలేదు, ఆ పిల్లవాడు ఏమైనాడో మాకు చింతగానే ఉన్నది. వాని ఇంట వానినెవరు ఏడిపించుచున్నారో!

మన బాలుడు శనివారములు గుడికి వచ్చుచున్నాడు. విష్ణుసహస్రనామ పారాయణలో పదిమందితో కలిసి చదువునప్పుడు ఒక్కచోట కూడ ఆగడు. చాలామంది నత్తివారికి పాటలో, నలుగురితో కలిసి చదువుటలో మాట సాఫీగా వచ్చును, అది వైద్యులకు తెలిసినదే గాని మహిమ అని మేము ప్రచారము చేసికొనము. తల్లి మాట నేర్పు వైద్యుని దగ్గరకు కూడ తీసుకొని పోవుచున్నది. నత్తి పూర్తిగా పోలేదు. క్రొత్త రక్ష కట్టుదునా అని ఒకనాడు మేమే అడిగినాము. "వద్దులెండి తాతగారూ, మీరు అప్పుడప్పుడూ అడుగుతూ ఉండండి చాలు" అన్నాడు. ఆ దినము నుండి ఎవరు రక్ష కట్టుమని బిడ్డను తెచ్చినను, దారము చేతికి తీసుకొనక మునుపు మూడు మాటలు అడుగుచున్నాము: బడిలో ఎవరి ప్రక్కన కూర్చుందువు? మధ్యాహ్నము ఎవరితో అన్నము తిందువు? నీళ్ళు త్రాగుచున్నావా? అయిదు నిమిషములు చాలుట లేదు. అందుచేత మంగళ, శనివారములు మా దగ్గర వరుస పొడవైనదని ఆలయ గుమాస్తాగారు విసుగుకొనుచున్నారు. క్షమించవలెను.

హారతికి వేళ అయినది. అక్షరాభ్యాసము కావలసిన పిల్లలు ఇంకను ఇరువది మంది దాకా ఉన్నారు. వారి తల్లిదండ్రులు కుడిప్రక్క అరుగు దగ్గరకు రావలెను. పలకలు అక్కడనే ఇచ్చెదరు. పులిహోర దొన్నెలు పంచుచున్న ఆ పెద్ద పిల్లల దగ్గర త్రొక్కిసలాట లేకుండ వరుసగా తీసుకొనుడు.